అడుగుకు అంగుళం

మా తండాలో పిల్లలకు మొదటి బండి జొన్న బెండుతో తయారవుతుంది. దంటు మీది పెచ్చు గోటితో చీల్చి, లోపలి తెల్లటి బెండును ముక్కలు చేసి, ఆ పెచ్చునే పుల్లలుగా గుచ్చితే ఇరుసు, నొగలు, కాడి అన్నీ అయిపోతాయి. రెండో బండి తాటిబుర్రలది. మూడోది లారీ. తెగిపోయిన హవాయి చెప్పులను గుండ్రంగా కోస్తే చక్రాలు, నూనె డబ్బా కోస్తే బాడీ, రెండు సోడా మూతలు కొడితే దీపాలు. తాడు కట్టి గుంజుకుంటూ, నోటితోనే గేర్లు మారుస్తూ పోయేవాళ్ళం. పక్క ఊరి పిల్లలు కూడా ఇవే చేసేవాళ్ళు. తేడా ఒక్కటే. మా లారీ ఖాళీగా కదిలేది కాదు. ఇసుకో, రాళ్ళో, పల్లికాయలో ఏదో ఒకటి ఎత్తాకే బయల్దేరేది. ఖాళీ బండి తోలితే డీజిల్ నష్టమని పెద్దవాళ్ళ మాటల్లో వినీ వినీ మాకు ఆటలో కూడా అదే అలవాటైంది.

నేను కాజీపేటలో రైల్వే ఫిట్టరుగా పనిచేస్తున్నాను. వయసు నలభై దాటింది. సెలవు రోజుల్లో, రాత్రి తిండ్లు అయ్యాక లారీల నమూనాలు చేస్తాను. పాతవి విరిగిపోయినవి దొరికితే బాగు చేస్తాను. చదువుకున్నవాళ్ళు దీన్ని హాబీ అంటారు. బళ్ళో ఒకసారి ఏదో ఫారం నింపుతుంటే అందులో ఆ గడి వచ్చింది. ఏం రాయాలో తెలియక సారును అడిగితే "ఆటలు అని రాయి" అన్నాడు. మా తండాలో ఆ గడిలో పెట్టే మాట లేదు. పనికీ పండుగకూ నడుమ కొంచెం సందు దొరికితే మనిషి నిద్రపోతాడు. మా అన్న ఇప్పటికీ నా బల్ల దగ్గర నిలబడి, "అమ్మేటిదైతే చెయ్యి. అమ్మనిదానికి ఇన్ని రాత్రులు ఎందుకు పాడు చేసుకుంటవు?" అంటాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. మూడు ఎకరాల మిరప, ఇద్దరు పిల్లల ఫీజులు మోస్తున్నవాడు అడగవలసిన ప్రశ్నే అది. దానికి జవాబు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

లారీల నమూనాలు ప్రపంచమంతా చేస్తారు. అమెరికా లారీల ప్లాస్టిక్ కిట్లు ఎక్కువగా 1:24, 1:25 కొలతల్లో వస్తాయి. అంటే అసలు లారీలో ఇరవై నాలుగో వంతో, ఇరవై అయిదో వంతో. జపానులో తమియా కంపెనీ 1:14 కొలతలో రేడియోతో నడిచే లారీలు చేస్తుంది. యూరపులో రైలు బొమ్మల పక్కన నిలబెట్టడానికి 1:87 లారీలున్నాయి, అరచేతిలో మూడు పడతాయి. అవన్నీ వాళ్ళ రోడ్ల లారీలు. మన రోడ్ల మీద తిరిగిన చెక్క కేబిన్ లారీకి కిట్టు నేను తిరిగిన దుకాణాల్లో దొరకలేదు. కాబట్టి మొదటి మేకు నుంచి మనమే చేసుకోవాలి.

నేను పెట్టుకున్న కొలత 1:12. దానికి కారణం మన బాడీ బిల్డర్లే. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే వడ్ల మేస్త్రిని అడగండి, మీటర్లలో చెప్పడు. పదిహేడు అడుగుల బాడీ, ఏడున్నర అడుగుల వెడల్పు అంటాడు. అడుగుకు పన్నెండు అంగుళాలు. కాబట్టి అసలు లారీలో అడుగు నా లారీలో అంగుళం. పదిహేడు అడుగుల తొట్టి పదిహేడు అంగుళాలు. 9.00-20 టైరు నిలబెడితే సుమారు 40 అంగుళాల ఎత్తు ఉంటుంది. నా దాంట్లో మూడు అంగుళాల మీద కొంచెం. లెక్కల యంత్రం అక్కర్లేదు. మా బా అడుగుల్లో చెబుతాడు, నేను అంగుళాల్లో కోస్తాను.

బా అంటే మా నాయన. గోర్‌బోలిలో అట్లాగే పిలుస్తాం. ఆయన లారీ డ్రైవరు. మొదట షావుకార్ల లారీలు నడిపి, 1990లో యాడి వెండి కడియాలు అమ్మి, మిగతాది ఫైనాన్సు తీసుకుని టాటా 1210 ఎస్‌ఈ ఒకటి కొన్నాడు. ఆ అంకెలో 12 అంటే లోడుతో కలిపి బండి మొత్తం బరువు పన్నెండు టన్నులు, 10 అంటే నూరు గుర్రాల శక్తి. టాటా వాళ్ళు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసినా పాత డ్రైవర్ల నోట్లో అది చాలా కాలం బెంజి లారీయే. కంపెనీ నుంచి వచ్చేది చాసిస్, ఇంజను, ముందు ముఖం. తలుపులు, కేబిన్ కప్పు, డ్రైవరు పడుకునే బల్ల, తొట్టి, ఇవన్నీ మన దగ్గర వడ్లవాళ్ళు, కమ్మరులు, పెయింటర్లు కలిసి చేసినవే.

వరంగల్‌లో ఆ బాడీ కట్టిన ఇరవై నాలుగు రోజులూ బా అక్కడే చాసిస్ పక్కన పడుకున్నాడు. చివరి రోజు వడ్ల మేస్త్రి మిగిలిన టేకు ముక్కలతో జానెడున్నర లారీ ఒకటి చేసి, "నాయక్, ఇది నీ కొడుకుకు" అని చేతిలో పెట్టాడట. పెయింటర్ డబ్బా అడుగున మిగిలిన రంగే దానికీ వేశాడు. కేబిన్ పసుపు, తొట్టి నీలం. అప్పుడు నాకు ఆరేళ్ళు.

ఆ పెద్ద లారీ మా ఇంట్లో ఎనిమిదేళ్ళు ఉంది. ఏనుమాముల మార్కెట్ నుంచి మిర్చి, జిన్నింగు మిల్లుల నుంచి పత్తి బేళ్ళు, ఏటూరునాగారం దారిలో కమలాపురం ఫ్యాక్టరీకి జామాయిల్ కర్ర మోసింది. 1997-98లో మన జిల్లాలో పత్తి పోయింది. పురుగు తిన్నది, మందులు పని చెయ్యలేదు, అప్పులవాళ్ళు ఆగలేదు. ఎంతమంది రైతులు ఆ పురుగుల మందే తాగి చనిపోయారో ఈ పుస్తకం చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పత్తి లేకపోతే లోడు లేదు. లోడు లేకపోతే కిస్తీ లేదు. మూడు కిస్తీలు ఆగాక ఫైనాన్సు మనుషులు ఒక హోటల్ ముందు బండి ఆపి తాళం తీసుకున్నారు. బా టవల్, టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళు మళ్ళీ వేరేవాళ్ళ బండ్లే నడిపాడు. మా లారీ చేతులు మారీ మారీ చివరికి తుక్కు కింద కోసేశారని ఒక మెకానిక్ చెప్పాడు. ఫోటో ఒక్కటి లేదు. మిగిలింది ఆ జానెడున్నర బొమ్మ.

ఇప్పుడు బాకు చక్కెర జబ్బు కళ్ళ మీద పడింది. ఎడమ కన్ను దాదాపు పోయింది, కుడి కంటికి వెలుతురు, ఆకారాలు తెలుస్తాయి. మిగిలిన చూపు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ మాట విన్న వారమే నేను మా లారీ నమూనా మొదలుపెట్టాను. కొలతలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. కాగితం మీద కాదు, ఒంట్లో. స్టీరింగ్ ఎంత వెడల్పు అంటే చేతులు చాపి చూపిస్తాడు, నేను టేపు పెడతాను. కేబిన్ మెట్టు ఎంత ఎత్తు అంటే మోకాలు లేపి ఆపుతాడు. తొట్టి పక్క చెక్కలు ఛాతీ దాకా వచ్చేవని చెయ్యి అడ్డం పెడతాడు. చెక్క ముక్క కోసి ఇస్తే వేళ్ళతో తడిమి సరేనంటాడు, లేకపోతే మాట్లాడకుండా పక్కన పెడతాడు.

కర్ర పొనికి. నిర్మల్ బొమ్మలు, కొండపల్లి బొమ్మలు చేసేది ఆ జాతి మెత్తటి కర్రతోనే. తేలిక, కత్తికి లొంగుతుంది, పగలదు. చాసిస్‌కు అల్యూమినియం రేకు, డీజిల్ ట్యాంకుకు నూనె డబ్బా రేకు, ఇరుసుకు సైకిల్ పుల్లలు, టైర్లకు చెప్పుల రబ్బరు. ఈ చివరిదానికి నేనేమీ కొత్తగా నేర్చుకోలేదు.

కమాన్ల దగ్గరికి వచ్చేసరికి బా ఒక మాట అడిగాడు.

"బేటా, ఖాళీ లారీనా, లోడు లారీనా?"

చక్రాలకూ చాసిస్‌కూ నడుమ ఉండే ఉక్కు పట్టీల కట్టే కమాను. కమాను అంటే ఉర్దూలో విల్లు. ఖాళీ బండికి ఆ పట్టీలు నిజంగానే విల్లులా వంగి ఉంటాయి, అందుకే ఖాళీ లారీ వెనక భాగం లేచి నిలబడుతుంది. లోడు పడేకొద్దీ పట్టీలు సాపుగా అవుతాయి, వెనక దిగుతుంది. పైన ఇంకో చిన్న కట్ట ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు దానికి పని లేదు, బరువు పడ్డాకే తగులుకుని భుజం ఇస్తుంది. కాబట్టి ఏ లారీ అనేది తేలకుండా కమాను చెయ్యలేం. విదేశీ కిట్లు చూడండి, దాదాపు అన్నీ ఖాళీ లారీలే, తళతళమని ఉంటాయి. బా నా జవాబు కోసం చూడలేదు. "ఖాళీ లారీ షోరూముల ఉంటది. మనది లోడుదే చెయ్యి," అన్నాడు.

పత్తి బేళ్ళకు చుట్టే ఇనుప పట్టీ తెచ్చి, సన్నగా కోసి, కాల్చి, నీళ్ళలో ముంచి పట్టీలు చేశాను. ఇక లోడు. ఏ లోడు అంటే మిర్చి అన్నాడు బా. ఎనిమిది టన్నులు, నలభై కిలోల బస్తాలు రెండు వందలు. "పాసింగు ఎనిమిదే. షావుకారు ఎత్తిచ్చేది పది. నువ్వు ఎనిమిదే పెట్టు, మన బండి ఇప్పుడన్న సుఖపడని."

ఇక్కడ ఒక లెక్క ఉంది. కొలత పన్నెండో వంతు అయితే బరువు పన్నెండో వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పన్నెండో వంతుకు తగ్గుతాయి. పన్నెండును మూడుసార్లు హెచ్చిస్తే 1728. ఎనిమిది వేల కిలోలను దానితో భాగిస్తే నాలుగు కిలోల ఆరు వందల గ్రాముల చిల్లర. నలభై కిలోల బస్తా ఇరవై మూడు గ్రాములు. రెండు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల పొడవున్న గోనె సంచులు రెండు వందలు కావాలి.

వాటిని కుట్టింది యాడి. మొదట మొఖం తిప్పుకుంది. "ఆ లారీ నాకు సవితి. దానికి నేను బట్టలు కుట్టాల్నా?" అంది. ఎనిమిదేళ్ళలో బా ఇంట్లో పడుకున్న రాత్రులు ఆమె లెక్క పెట్టుకుంది, ఆ లెక్క మాకు ఎప్పుడూ చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత తనే పాత గోనె సంచి విప్పి, కత్తిరించి, సూది తీసుకుంది. అద్దాల పని చేసిన చేతికి గోనె కుట్టడం ఎంతసేపు! వందో సంచి దగ్గర తలెత్తకుండా చెప్పింది, 1996లో మేడారం జాతరకు తండా అంతా ఆ లారీలోనే పోయిందని, అందరూ తొట్టిలో ఎక్కితే తను మాత్రం కేబిన్‌లో ఎడమ పక్క కూర్చున్నదని. ఆ ఒక్కసారే. "ఆ సీటుకు ఎర్ర బట్ట ఉండె. మరిచిపోకు." తన పాత పేటియా అంచు నుంచి ముక్క కోసి ఇచ్చింది. నా నమూనాలో డ్రైవరు సీటుకు రెక్సిన్, ఎడమ సీటుకు ఎర్ర బట్ట.

తొట్టిలో బస్తాలు పేర్చాక తాడు బా కట్టాడు. నేను చూపించలేదు. కొక్కేల దగ్గర ముడి వేసి, మెలిక తిప్పి, గుంజి బిగించే లారీ ముడి వేళ్ళే వేసుకుంటూ పోయాయి. ఆయన మొఖం కిటికీ వైపు ఉంది.

ఆ లోడు చూస్తూ నేను ఇంకో లెక్క వేసుకున్నాను. లారీ కంటే ముందు మా వాళ్ళ బండి ఎద్దు వీపు. ఎద్దు మీద రెండు వైపులా గూణి వేసి, ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశాలు తిరిగిన ఆ వ్యాపారాన్ని లదేణి అంటారు. ఎద్దుకు నూట పాతిక కిలోలు అనుకున్నా, ఈ ఒక్క లారీ లోడు అరవై నాలుగు ఎడ్ల బరువు. టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి 17వ శతాబ్దంలో గోల్కొండ వైపు తిరిగినవాడు. పది, పన్నెండు వేల ఎడ్లతో సాగే బిడారుల గురించి రాశాడు. మొగలు సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు, 1791-92లో కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు సైన్యాలకు గింజలు మోసిన ఎడ్లు మావే. తర్వాత రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు, 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు. కోస్తా ఉప్పు వ్యాగన్లలో రావడం మొదలయ్యాక ఎద్దు వీపుకు పని లేకుండా పోయింది. తండాలు ఎక్కడివక్కడ దిగిపోయాయి. ఎవరి బతుకు ఆ పట్టాల కింద పడిందో వాళ్ళ మునిమనవడు ఇప్పుడు అదే పట్టాల మీద జీతం తింటున్నాడు. ఇందులో నాకు సిగ్గూ లేదు, గొప్పా లేదు. చెప్పుకోవలసిన సంగతి మాత్రం ఉంది.

బిడారులో ఒక ఎద్దును హాతాడియా అనేవారని పాత తెల్లదొరల రాతల్లో ఉంది. దాని మీద బరువు వేసేవారు కాదు. ఎర్ర పట్టు కుచ్చులు, గంటలు, ఇత్తడి గొలుసులు, గవ్వల దండలు కట్టి ముందు నడిపించేవారు. జబ్బు చేస్తే దాని కాళ్ళ దగ్గరే మొక్కేవారు. ఇప్పుడు ఏదైనా పాత లారీ ముఖం గుర్తు చేసుకోండి. అద్దం పక్కన కుచ్చులు, బంపరుకు గొలుసులు, నల్ల దారం, నిమ్మకాయ, మిరపకాయలు, కేబిన్ నుదుటి మీద దేవుడి పేరు. మా లారీ నుదుటి మీద జై సేవాలాల్ అని ఉండేది. ఒక్క మా వాళ్ళే లారీలను సింగారించలేదు, పంజాబు నుంచి తమిళనాడు దాకా అందరూ చేశారు. కానీ యాడి ఆ కుచ్చులు అల్లుతున్నప్పుడు ఆమె చేతులకు అది కొత్త పని కాదు.

ఇక పాత బొమ్మ. మా ఇంటి అటక మీద చెదలు దాన్ని పట్టాయి. టేకుతో చేసిన కేబిన్, పక్క చెక్కలు నిలిచాయి. మామిడి చెక్కతో చేసిన అడుగు, చక్రాలు పొడి అయిపోయాయి. పసుపు రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. దాన్ని ఏం చెయ్యాలన్న దగ్గర బాకూ నాకూ పది రోజులు కుదరలేదు. పాతదంతా గీకి, లప్పం పెట్టి, కొత్త రంగు వెయ్యమన్నాడు ఆయన. "దసరాకు రంగు వెయ్యని లారీ ఉంటదా? మాసిన బండి ఎవడు లోడుకు పిలుస్తడు?" ఆయన దృష్టిలో అది బండి. నా దృష్టిలో మా లారీ ఒంటి మీద ఉన్న చెక్క, రంగు ఈ లోకంలో ఆ జానెడున్నర మీదే మిగిలాయి. గీకితే అవీ పోతాయి.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కల్యాణ మండపాన్ని విప్పి, ఏళ్ళ తర్వాత మళ్ళీ పేర్చి, 2024 మార్చిలో తెరిచారు. పాత రాయి ఉన్నంతవరకు పాతదే వాడతారు, పోయినచోటే కొత్తది పెడతారు. రాజులు కట్టినదానికి ఆ మర్యాద దొరికింది. వడ్ల మేస్త్రి చేసిన బొమ్మకు నేను అదే చెయ్యాలనుకున్నాను. మెత్తటి కుంచెతో చెద మట్టి దులిపి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌ను సూదితో చెక్క లోపలికి ఎక్కించాను. లేచిన రంగు పెచ్చులను ఒక్కొక్కటిగా అతికించాను. కొత్తగా చేసిన అడుగుకు, చక్రాలకు రంగు వెయ్యలేదు, ఏది పాతదో ఏది కొత్తదో చూసినవాళ్ళకు తెలియాలని. బా చక్రాన్ని తడిమి చూశాడు. "రంగు లేదు. స్టెప్నీ లెక్కున్నది," అన్నాడు. కాసేపాగి, "స్టెప్నీ ఎప్పుడు కలిసింది లే మిగతావాటితోని," అని ఊరుకున్నాడు.

ఇప్పుడు అన్నకు జవాబు. తెలంగాణలో లంబాడీలు 1976 చట్టంతో షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చారు. మన పేరు జాబితాలో ఉంది, తండాకు పంచాయతీ బోర్డు ఉంది. మనం ఏం మోసి బతికామో ఏ కాగితంలోనూ లేదు. మోసినవాడి పని గుమ్మం దగ్గర దించగానే అయిపోతుంది. మిర్చి తిన్నవాళ్ళకు రైతు అయినా గుర్తుంటాడేమో, బస్తా తెచ్చినవాడు గుర్తుండడు. పాట ఉన్నవాడికి పాట మిగులుతుంది, పొలం ఉన్నవాడికి గట్టు మిగులుతుంది. డ్రైవరుకు ఏం మిగులుతుంది? నడుము నొప్పి. అందుకే కొలతలు పట్టుకుంటున్నాను. కథగా చెబితే మా నాయన కష్టపడ్డాడు అని ఒక్క వాక్యంలో అయిపోతుంది. కొలత పెడితే మెట్టు ఎంత ఎత్తో, పడుకునే బల్ల ఎంత ఇరుకో, రెండు వందల బస్తాలు అంటే ఎంతో కంటికి కనబడుతుంది. బల్ల వెడల్పు అడుగున్నర. ఎనిమిదేళ్ళు ఆయన పడుకున్నది దాని మీద. అన్న ఆ బల్లను గోటితో కొలిచి చూశాడు. అమ్ముడుపోతుందా అని ఆ రోజు అడగలేదు. మళ్ళీ అడుగుతాడు, ఆయన సంగతి నాకు తెలుసు.

చదివేవాళ్ళకు ఒక విన్నపం. చెక్క కేబిన్ లారీలు ఇప్పుడు అరుదైపోయాయి. ఇప్పుడు కేబిన్లు ఎక్కువగా ఇనుముతో కంపెనీ నుంచే వస్తున్నాయి. డ్రైవర్లకు అది మంచిదే, ఎండకూ దెబ్బకూ చెక్క ఆగదు. కానీ మీ తండాలోనో, గూడెంలోనో, ఏ మార్కెట్ గోడ పక్కనో పాతది ఒకటి టైర్లు దిగి ఉండవచ్చు. తుక్కువాడు రాకముందే ఒక టేపు, నోటుబుక్కు పట్టుకుని పోండి. తొట్టి పొడవు, వెడల్పు, పక్క చెక్కల ఎత్తు, ఎన్ని చెక్కలు, ఏ కర్ర రాసుకోండి. ముందు, వెనక, పక్కల నుంచి నేరుగా నిలబడి ఫోటో తీయండి. నుదుటి మీద రాసిన పేరు, లోపల అంటించిన దేవుడి బొమ్మ వదలకండి. దాన్ని నడిపినవాడు బతికుంటే వెంట తీసుకుపోండి. టేపు చివర మీరు పట్టుకుని కొలత ఆయన్ను చెప్పనివ్వండి. నోటుబుక్కులో మీరు తక్కువ రాస్తే ఆయన ఎట్లాగూ ఊరుకోడు.